నీళ్లు లేని సీనరీ

కర్నూలు మునిగిన వరద నుంచి లెక్కేసుకుంటే అది పదమూడో ఏడు. రిజర్వాయరు కింద ఊరు పోగొట్టుకున్నవాళ్లకు కట్టిచ్చిన కాలనీలో గిడ్డయ్య ఇల్లు. ముందుగది గోడకు బొమ్మ వేయడానికి బనగానపల్లె నుంచి అల్లా బాషా పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టాడు. ఎండెక్కినాక రామేశ్వరమ్మ, ఆమె వెనకాల గిడ్డయ్య ఇంట్లోకి వచ్చారు. ఆమె నేరుగా వంటింట్లోకి పోయింది. అతను గోడ ముందు నిలబడ్డాడు.

“నీళ్లెందుకు పెట్టినావప్పా?”

“ఏందన్నా?”

“నీళ్లు. ఈ కిందంతా. ఎందుకు పెట్టినావు?”

“సీనరీ గదా అన్నా.”

“సీనరీ అయితే?”

“సీనరీకి ముందు నీళ్లే పెట్టుకోవాలన్నా. నీళ్లు పెడితే గుట్ట యాడ రావాలో, చెట్టు యాడ రావాలో అవే చెప్తాయి. మా మామ కాడ పని నేర్చుకున్నప్పటి నుంచి నాది ఇదే పద్ధతి. తెల్లారేతలికి వచ్చినా, తలుపు తెరిచే ఉండె, మీరిద్దరూ లేరు. ఊరికే కూర్చుంటే ఏమొస్తాదని మొదలుపెట్టినా.”

“నీకేం చెప్పినా నేను?”

“మా ఊరు వెయ్యి అన్నావు.”

“మా ఊర్లో నీళ్లుండాయని చెప్పినానా?”

“లేవని గూడా చెప్పలేదు గదన్నా. ఇప్పుడుండాయి గదా మీ ఊర్లో. తాటిచెట్టు లోతు.”

“...”

“తప్పయిందన్నా. నోరు జారింది.”

“ఉండనీలే.”

“వదినకు నచ్చుతాదనుకుంటి. కన్నెత్తి గూడా చూడకుండా లోపలికి పాయ.”

“మెల్లగా మాట్లాడు. ఇంట్లో ఉండాది.”

“నాకు ఇట్ల ఎప్పుడూ కాలేదన్నా. ఆళ్లగడ్డలో ఒగరింట్లో హంసలు వేసినా. ఆ ఇంటామె వచ్చి, హంసలా ఇవి, బాతుల మాదిరి ఉండాయి అని ఎన్ని తిట్లు తిట్టిందో. తిడితే తిట్టింది, చూసి తిట్టింది.”

“ఆమె దేన్నీ చూడదు. నీ బొమ్మ అని గాదు.”

“బాగల్యాదా మరి?”

“బాగానే ఉండాది.”

“అట్లంటే ఎట్లన్నా? బాగుండేది బాగుండాదని నోరు తెరిచి చెప్పాల.”

“బాగుండాది. ఆ నీళ్లు తీసెయ్యి.”

“తుడిచేసేదానికి పలక మీద రాతనా? ఆయిల్ పెయింటన్నా ఇది.”

“పైన ఇంకోటి పూయి.”

“ఏం పూయాల?”

“మన్ను.”

“మన్నా?”

“మన్ను రంగు. ఎర్రమన్ను.”

“నీళ్ల మీద మన్ను పూయమంటాండావు.”

“ఊ.”

“నా మాటిను గిడ్డన్నా. నాకు పని చెప్పే ప్రతివాడూ మొదట అడిగేది నీళ్లే. బోరెండిపోయినోడు ఇంకా ఎక్కువ అడుగుతాడు. ప్యాపిలి కాడ ఒగాయనకు గోడంతా నీళ్లు పెట్టినా. చాల్లేదన్నాడు. మూడు గోడలకూ తిప్పినా. ఇప్పుడు ఆ ఇంట్లో కూర్చుంటే పడవలో కూర్చున్నట్టుంటాది. వాళ్ల ముసలమ్మకు తల తిరుగుతాదంట. నవ్వవేందన్నా?”

“నవ్వొచ్చే మాటే చెప్పినావులే.”

“నా చేతికి బాగొచ్చేది నీళ్లే. మహానందిలో సత్రం పనికి పోయినప్పుడు కోనేటి మెట్ల మీద కూర్చుని చూసి చూసి నేర్చుకున్నా. అడుగున ఉండే రాయి గూడా కనపడాల, పైన నీళ్లుండేదీ కనపడాల. అది అందరికీ రాదు.”

“బాగొచ్చినాయి. అందుకే తీసెయ్యమంటాండా.”

“ఏందన్నా సంగతి? చెప్పు. నీళ్లు నేను పూసేస్తా. ఎందుకు పూస్తాండానో తెలిస్తే చెయ్యి ఆడతాది.”

“పొద్దున యాడికి పోయినారని అడగల్యా నువ్వు.”

“మీ పనులు మీకుంటాయి గదా అని.”

“రోజూ పోతాది ఆమె. తెల్లారగానే. సద్దిగిన్నెలో ఇంత అన్నం పెట్టుకుని నీళ్ల కాడికి పోతాది.”

“చేపలకా?”

“చేపలకు గాదు.”

“మరి?”

“మా చేను ఆ పక్క. నీళ్ల కింద. చేనికి పోయే దావ నేరుగా నీళ్లలోకి దిగిపోతాది. ఆడ ఒక కరెంటు కంబం ఉండాది. ఆ కంబం కాడ నిలబడతాది. అన్నం నీళ్లలో వేస్తాది. మళ్లీ నిలబడతాది. ఎండెక్కినాక వస్తాది.”

“నువ్వు?”

“ఎనకాల పోతా. దూరంగా.”

“ఆమెకు తెలుసా?”

“ఏమో. ఎనక్కి తిరగదు.”

“పోనీలే అన్నా. ఊరు మునిగినాక అందరూ పోయి చూసుకుంటాండారు. మా ఇంటామె చాంద్ బేగం పుట్టిల్లు మునిగినా అంతే చేస్తాది.”

“నీళ్లు ఎక్కుతాండాయి బాషా.”

“పైన వానలు గదా.”

“నీళ్లు ఎక్కితే మనిషి ఎనక్కి జరగాల గదా. ఆమె జరగదు. ఆ కంబం కాడనే నిలబడతాది. మొన్న పాదాలు తడిసినాయి. నిన్న మోకాళ్లు. ఈ పొద్దు నడుం దాకా. నువ్వు చూడల్యా?”

“చూసినా. బట్టలుతుక్కోని వస్తాండాదేమో అనుకుంటి. పట్టుకుని ఆపలేదా నువ్వు?”

“ఒగనాడు చెయ్యి పట్టుకున్నా. ఆ పొద్దంతా అన్నం తినల్యా. మాట్లాడల్యా. చెయ్యి వదిలేస్తే పోయి వచ్చి తింటాది.”

“ఈరేష్‌కు చెప్పరాదా? కొడుకు మాట వింటాదేమో.”

“చెప్పినా. బేతంచెర్ల నుంచి వచ్చి టీవీ కొనిచ్చి పాయ. దాని మీద దుప్పటి కప్పి పెట్టింది.”

“ఆ మూల ఉండేది టీవీనా? నేను బియ్యం మూట అనుకుంటి.”

“టీవీనే.”

“అందుకని సీనరీ.”

“గోడ మీద ఊరుంటే, ఈడనే ఉండాది గదా అని ఇంట్లో కూర్చుంటాదేమో అని. ఇంకేమీ తోచల్యా నాకు.”

“ఈ మాట ముందే చెప్పింటే నేను నీలం డబ్బా మూత తీస్తానా అన్నా.”

“చెప్పేకి రాల్యా.”

మధ్యాహ్నానికి నీళ్ల మీద ఎర్రరంగు ఒక పూత పడింది.

“నీలం పైకి తేల్తాండాది చూడు. ఎంత పూసినా.”

“ఇంకో పూత వెయ్యి.”

“ఆరాల గదా. ఆరే లోపల పైన సంగతి చెప్పు. ఈ గుడిసె?”

“మాది మిద్దె. నాపరాళ్ల మిద్దె.”

“సీనరీలో మిద్దె ఎవరేస్తారన్నా? గుడిసె పైనుంచి పొగ లేస్తాంటే ఆ అందమే వేరు.”

“మా మిద్దెకూ కప్పులో పెట్టిన గవాచిలోంచి పొగ లేస్తాండె.”

“సరే. మిద్దె. ఈ టెంకాయ చెట్లు?”

“మా ఊరికి టెంకాయ సంచిలో వచ్చేది. అహోబిలం పోయేటప్పుడు. చెట్టు మేము చూసినోళ్లం గాదు.”

“యాపచెట్టు చేస్తాలే. గుబురుగా ఆకులు పెడితే సరిపోతాది.”

“ఒకపక్కనే పెట్టు. రెండో పక్క కొమ్మలు కరెంటోళ్లు కొట్టేసినారు, తీగెలకు తగుల్తాండాయని.”

“సగం చెట్టా?”

“సగం చెట్టే.”

“నా పేరైతే కింద రాయనన్నా.”

“ఎద్దులు బాగుండాయి. ఉండనీ.”

“హమ్మయ్య. ఒకటన్నా నచ్చింది.”

“మాకు ఎద్దులు లేవు. బాడిగ ట్రాక్టరే. అయినా ఉండనీ.”

“గుట్ట? పచ్చ తగ్గించేదా?”

“కంపచెట్లుండే కాడ ఉంచు. తక్కిందంతా బండ.”

“రేపు ఎవరన్నా చూస్తే, ఈ బాషా గుట్టకు రంగే వేయకుండా దుడ్లు తీసుకోని పోయినాడంటారు.”

“అనరు. ఈ కాలనీలో అందరూ మా ఊరోళ్లే.”

“ఏమప్పా గిడ్డయ్యా, ఉండారా ఇంట్లో?”

“రా వెంకటేశ్వరమ్మత్తా. గడప కాడ రంగు తడి ఉండాది, చూసుకోని రా.”

“రానులే. ఈడ నుంచే చూస్తా. అయ్యో, అది మనూరి గుట్ట గాదా? నెత్తిన రెండు బండలు, మనిషి కూర్చున్నట్టు.”

“చూసినావా బాషా.”

“నేను ఆ బండలు ఇంకా వేయనే లేదన్నా. అది సున్నం పెచ్చులూడిన తావు.”

“పెచ్చో ఏదో. మనూరి గుట్టే అది. అబ్బయ్యా, నీ పేరేంది, బాషానా? మా ఇంటికి గూడా ఒకటి వెయ్యి. మాకు మాత్రం బాగా నీళ్లు పెట్టు. హంసలు పెట్టు.”

“హంసలు వద్దులే అవ్వా. వాటికీ నాకూ పడదు.”

“గిడ్డయ్యా, ఇట్లా రా, ఒగ మాట. మైకులో చెప్పి పోయినారు, విన్యావా? రాత్రికి పైనుంచి నీళ్లు వదుల్తారంట. తెల్లారేతలికి మనిషెత్తు ఎక్కుతాదంట. ఎవరూ గట్టు దిగొద్దంటాండారు.”

“విన్యా.”

“మా మనవడు చూసినాడంట, ఈ పొద్దు ఆమె నడుం దాకా దిగిందని.”

“ఊ.”

“రేపు? గడియ పెట్టి కూర్చోబెట్టుకో అప్పా.”

“ఎన్నాళ్లు పెట్టాలత్తా?”

“అదీ నిజమే. వస్తా. అబ్బయ్యా, మరిచిపోవద్దు, నీళ్లు ఎక్కువ పెట్టు.”

“పాయ ముసలామె. అన్నా, ఆమె చెప్పింది నిజమేనా? మనిషెత్తా?”

“మైకులో అట్లే చెప్పినారు.”

“యా అల్లా. ఉండు, తొందరగా ముగిస్తా. రేప్పొద్దుకు ఆమె లేచేతలికి గోడ తయారుగా ఉండాల. ఇంకేముండాది? ఈ దావ?”

“దావ అట్లే ఉండనీ. మా చేని దావ గూడా అట్లే గుట్ట కాడ మళ్లుకుంటాండె.”

“ఈ పిల్ల?”

“ఏ పిల్ల?”

“ఇదో. బిందె చంకన పెట్టుకోని దావలో దిగి వస్తాండాది చూడు. లంగా, జాకెట్టు. కాళ్లకు పట్టీలు గూడా పెట్టినా. ప్రతి సీనరీలో వేస్తా దీన్ని. మనిషి లేకుంటే బొమ్మకు ఊపిరి ఉండదని మా మామ చెప్తాండె. నీళ్లకు వస్తాండాదని వేసినా. ఇప్పుడు నీళ్లు తీసేస్తిమి. మరి ఈ పిల్ల యాడికి పోతాండాది?”

“...”

“అన్నా?”

“తీసెయ్యి.”

“పోనీ బిందె తీసేసి నెత్తిన గడ్డిమోపు పెడదామా?”

“వద్దు. పిల్లను తీసెయ్యి.”

“ముఖం ఇంత బాగా ఎప్పుడూ రాలేదన్నా.”

“తీసెయ్యమంటి గదా.”

“చెట్టయితే పూస్తా, గుడిసె పూస్తా. నీళ్లు గూడా పూస్తి. మనిషిని పూసేకి నాకు చెయ్యి రాదు.”

“మాకొక పిల్ల ఉండె. శివలీల. ఈరేష్ ఎనక పుట్టింది. మూడో తరగతి.”

“నాకు తెలీదన్నా.”

“కర్నూలు మునిగిన వరదప్పుడు. శెనక్కాయలు పీకుతాండాము. ముసురు పట్టుకుంది. కాయ మొలకెత్తుతాదని తడుస్తానే పీకుతాండాము. ఇంటి కాడ నుంచి పిల్ల సద్ది తెస్తాండె. దావలో పురుగు ముట్టింది.”

“పామా?”

“ఊ. వొట్టికాళ్లు.”

“ఆసుపత్రికి...”

“వాగు పొర్లుతాండాది. ఆ పక్క రోడ్డు లేదు. ఈ పక్క రోడ్డు లేదు. మంచం మీద పండబెట్టుకోని వాగు గట్టున నిలబడితిమి. తగ్గుతాది, తగ్గుతాదని. తగ్గల్యా.”

“...”

“చేను గట్టునే పెట్టుకున్నాం. యాపచెట్టు కింద. ఏటికొకసారి ఆ పొద్దుకు ఆమె పోయి ఇంత అన్నం పెట్టి వస్తాండె. ఏటికొకసారే. ఏడ్చేది గూడా లేదు. చేను మునిగినాక రోజూ పోతాండాది.”

“కొందరు తవ్వుకోని కొత్త తావుకు తెచ్చుకున్నారంట గదా?”

“మాలో మన్నులో పెట్టినాక కదిలించకూడదు. పెద్దోళ్లు వద్దన్నారు.”

“ఆమె అడిగిందా?”

“అడిగింది.”

“ఎన్నిసార్లు?”

“ఒక్కసారే. ఇప్పుడు తెలిసింది గదా. పూసెయ్యి.”

“పూస్తా అన్నా. ముందు ఆ చెట్టు, ఆ మిద్దె ముగిస్తా. పిల్లను చివర్లో పూస్తా. చివరికైతే చెయ్యి కొంచెం మొద్దుబారి ఉంటాది.”

సాయంత్రం ఎండ గోడ మీదికి వాలింది. రామేశ్వరమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. పొద్దున తడిసిన చీరే ఇంకా ఆమె ఒంటి మీద ఉంది. ఒంటి మీదే ఆరిపోయింది.

“టీ తీసుకో బాషా.”

“ఇట్లియ్యి వదినా. అబ్బా, చక్కెర శానా వేసినావే.”

“వేసినానా?”

“రెండు సార్లు వేసినట్టుండావు. బాగుండాదిలే. మా ఇంట్లో చాంద్ బేగం నాకు చక్కెరే వేయదు, చక్కెర జబ్బని.”

“మేయ్, లోపలికి పో. చీర మార్చుకోపో.”

“ఈడ నీళ్లుండె గదా. పొద్దున.”

“చూసినావా వదినా? నువ్వు చూడనే లేదనుకుంటి నేను.”

“ఉండె గదా?”

“ఉండె వదినా. అన్న వద్దన్నాడు. మన్ను పూసినా.”

“పోయినాయా నీళ్లు?”

“పోయినాయి.”

“అంతా పోయినాయా?”

“ఈ మూల కొంచెం తేల్తాండాది. ఇంకో పూత వేస్తే అదీ పోతాది.”

“ఇది మన మిద్దె.”

“మన మిద్దెనే. గవాచి గూడా పెట్టినాడు చూడు. నేనే చెప్పి పెట్టిచ్చినా.”

“యాపచెట్టుకు ఈ పక్క కొమ్మల్లేవు.”

“అన్న చెప్పినాడు వదినా. నేనైతే నిండుగా వేసింటా.”

“కరెంటోళ్లు కొట్టేసినారు.”

“అదే చెప్పినాడు.”

“ఎద్దులెవరివి?”

“అవి ఊరికే. బాగుండాయని ఉండనిచ్చినాం.”

“ఈ పిల్ల...”

“తీసేస్తాడులే. బాషా, టీ తాగినావు గదా. బ్రష్ తీసుకో. ముందు అది పూసెయ్యి.”

“ఏమయ్యా, ఉండు.”

“నువ్వు చూడొద్దు. లోపలికి పో.”

“ఉండమంటాండా గదా. యాడికి పోతాండాది ఈ పిల్ల?”

“నీళ్లకని వేసినా వదినా. నీళ్లు లేవిప్పుడు. దానికి పోయే చోటు లేదు. తప్పు నాదే. ఒక్క గడియలో పూసేస్తా, నువ్వు లోపలికి...”

“పోతాలేదు.”

“ఏంది వదినా?”

“నీళ్లు యాడుండాయి పోయేకి? ముఖం మన పక్కకే ఉండాది గదా. వస్తాండాది. ఇంటికి వస్తాండాది.”

“రామేశ్వరీ.”

“నువ్వుండు. బాషా.”

“చెప్పు వదినా.”

“కాళ్లకు చెప్పులెయ్యి.”

మరుసటి రోజు పొద్దున రామేశ్వరమ్మ సద్దిగిన్నె పక్కన పెట్టుకుని గోడ ముందు కూర్చుని ఉంది. గిడ్డయ్య లేచి, ముందర ఒక మనిషి నడుస్తున్నట్టే అడుగు తగ్గించుకుంటూ, నీళ్ల దాకా పోయి నిలబడి, ఎండెక్కినాక తిరిగి వచ్చాడు.